పాత కారు డోర్ గ్యాప్ కుదరట్లేదు, హింజ్‌తో సరిపెట్టాలా, సిల్ కోయాలా?

రెండు డోర్ల పాత ఓపెన్ టాప్ కారు ఇది. నేను కొనకముందే ఎవరో సిల్ (డోర్ కింద బాడీకి బలమిచ్చే పొడవాటి రేకు పెట్టె) మార్పించి పెయింట్ వేయించారు, దూరం నుంచి చూస్తే మెరిసిపోతుంది, దగ్గరికెళ్తే ఏడుపొస్తుంది. డ్రైవర్ డోర్ వెనక అంచులో గ్యాప్ పైన 2 మి.మీ., కింద 8 మి.మీ. ఉంది. డోర్ వేసిన ప్రతిసారీ పై మూల రాసుకుని పెయింట్ లేచిపోతోంది.

ఇప్పటిదాకా చేసింది చెప్తాను. డోర్ తెరిచి చివర పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూశాను, హింజ్ పిన్నుల్లో ఆట లేదు. లాక్ స్ట్రైకర్ (డోర్ లాక్ వచ్చి పట్టుకునే కొక్కెం), రబ్బరు బీడింగ్ రెండూ తీసేసి మూసి చూసినా అదే గ్యాప్. డోర్ కింది భాగంలో అయస్కాంతం అసలు అంటుకోవట్లేదు, అంటే లోపల పుట్టీ ఎంత మందం పట్టించారో దేవుడికే తెలియాలి. అసలు అనుమానం ఎక్కడొచ్చిందంటే, సిల్ మధ్యలో చెక్క పెట్టి జాకీతో కొంచెం లేపగానే పైన గ్యాప్ 4 మి.మీ. అయింది! డోర్ ఫ్రేముకు అడ్డంగా బ్రేసింగ్ (బాడీ కదలకుండా ఊతంగా పెట్టే కడ్డీలు) కట్టకుండానే పాత సిల్ కోసేశారేమో, బాడీ మధ్యలో కుంగిపోయిందేమో అనిపిస్తోంది.

హింజ్ వెనక షిమ్‌లు (పలచటి రేకు ముక్కలు) వేసి సరిపెట్టొచ్చు అని ఒకాయన అన్నాడు, నాకది రోగం దాచడంలా ఉంది. ఇలాంటిది స్వయంగా చేసినవాళ్లు చెప్పండి, బ్రేసింగ్ వేసి సిల్ మళ్లీ కోసి వెల్డ్ చేయడమేనా దారి? చేస్తే కారు చక్రాల మీదే ఉంచాలా, స్టాండ్ల మీదా? పుట్టీ ముందే గీకేయాలా, బాడీ సరయ్యాకా?