1.4 నుంచి 4.4 డిగ్రీలా? ఇదేం లెక్క అంటున్నారు మా బావగారు

చింతచెట్టు:
మా ఫ్యామిలీ గ్రూపులో వారం నుంచి ఇదే రచ్చ. ఈ శతాబ్దం చివరికి భూమి 1850-1900 నాటికంటే 1.4 నుంచి 4.4 డిగ్రీల దాకా వేడెక్కొచ్చని 2021 ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) నివేదికలో ఉందట. మా బావగారు కాంట్రాక్టరు. "నేనిలాంటి ఎస్టిమేటు ఇస్తే బిల్లు పాసవుతుందా? వాళ్లకే తెలీదు, మనకెందుకు టెన్షన్" అంటారు. ఏం చెప్పాలి?

మబ్బులక్క:
ఆ రెండూ ఒకే పనికి ఇచ్చిన ఎస్టిమేట్లు కావండీ. 1.4 అనేది 2050 ప్రాంతానికి కర్బన ఉద్గారాలను నికరంగా సున్నాకు తెస్తే, అంటే గాలిలోకి వదిలినంతా తిరిగి తీసేస్తే. 4.4 అనేది అప్పటికి అవి ఇప్పటికంటే రెట్టింపైతే. రెండంతస్తులకొకటి, ఆరంతస్తులకొకటి రాసిచ్చిన కాగితాలు పక్కపక్కన పెట్టి "ఈయనకు ధర తెలీదు" అంటే మీ బావగారు ఊరుకుంటారా?

అసలు సందేహం వేరే ఉంది, ఎక్కువగా మబ్బుల్లో. నేను విశాఖలో వాతావరణ శాస్త్రం చదివేటప్పుడు తల పట్టుకున్నది వాటితోనే. ఈ అంచనాలు కట్టే కంప్యూటర్ మోడళ్లు భూమిని గడులుగా విడగొట్టి లెక్కేస్తాయి. చాలా మోడళ్లలో ఒక గడి సుమారు వంద కిలోమీటర్లు. గుంటూరు, విజయవాడ రెండూ అందులో ఇమిడిపోతాయి. మబ్బు తునకేమో ఒకటి రెండు కిలోమీటర్లు. విడిగా లెక్కకట్టే వీల్లేక సూత్రాలతో సర్దుతారు. కింది మబ్బు ఎండను తిప్పికొడుతుంది, పైనుండే పల్చటి మబ్బు వేడిని పట్టి ఉంచుతుంది. భూమి వేడెక్కేకొద్దీ వీటిలో ఏది ఎంత మారుతుందో ఒక్కో మోడల్ ఒక్కో మాట చెబుతుంది.

ఈ సందేహం కనబడేది ఇంకో లెక్కలో: గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే చివరికి ఎంత వేడి? 1979 అంచనా 1.5 నుంచి 4.5 డిగ్రీలు. 2021లో 2.5 నుంచి 4. కింది అంచు ఒక డిగ్రీ పైకొచ్చింది, పై అంచు అర డిగ్రీయే దిగింది. "కచ్చితంగా తెలీదు" అనగానే "అయితే తక్కువే" అని వింటారు చూడండి, నాకు ఒళ్లు మండేది అక్కడే.

సందేహాలరావు:
కొత్త మోడళ్లు వేడి ఎక్కువ చూపిస్తున్నాయని శాస్త్రవేత్తలే ఒప్పుకున్నారుగా?

మబ్బులక్క:
కొన్ని చూపించాయి, నిజమే. అందుకే ఐపీసీసీ వాటిని ఉన్నదున్నట్టు తీసుకోకుండా, ఇప్పటిదాకా నిజంగా పెరిగిన వేడితో పోల్చి సరిచూసింది. పాతవాటి సంగతీ చెబుతా. 1970 నుంచి 2007 దాకా వచ్చిన 17 అంచనాలను తర్వాత పరిశీలిస్తే, ఉద్గారాల ఊహలో తేడాను సర్దాక 14 నిజంగా పెరిగిన వేడితో సరిపోయాయి.

చింతచెట్టు:
బావగారికి పంపాను. "సరే, మా కాకినాడకు వాన పెరుగుతుందా తగ్గుతుందా?" అంటున్నారు.

మబ్బులక్క:
మంచి ప్రశ్నే వేశారు. దక్షిణాసియా మొత్తం మీద రుతుపవనాల వాన పెరుగుతుందనే అంచనా. ఒక్క ఊరికి ఎంత అంటే మాత్రం నేను అంకె చెప్పను.