నువ్వుల నూనె, కొబ్బరి నూనె: ద్విబంధాల తేడా పిల్లలకు ఎలా చూపాలి?

సైన్స్ మేస్టారు, నరసన్నపేట:
పదో తరగతికి సంతృప్త (కార్బన్ల మధ్య ద్విబంధాలు లేని), అసంతృప్త (ద్విబంధాలున్న) కొవ్వుల తేడా చూపించాలి. గానుగ నువ్వుల నూనెలో, ఉద్దానం కొబ్బరి నూనెలో టించర్ అయోడిన్ వేసి కలిపితే రెండింటిలోనూ రంగు అలాగే ఉంది. నువ్వుల నూనెలోని ద్విబంధాలు అయోడిన్‌ని పట్టుకుని రంగు పోవాలి కదా?

కెమిస్ట్రీ, బొబ్బిలి:
మేస్టారూ, లోపం నూనెది కాదు, అయోడిన్‌ది. వట్టి అయోడిన్ ద్విబంధంతో చాలా నెమ్మదిగా, అదీ అరకొరగా కలుస్తుంది. అందుకే అయోడిన్ విలువ (100 గ్రాముల నూనె ఎన్ని గ్రాముల అయోడిన్ పట్టుకుంటుందో) కట్టే ల్యాబుల్లో అయోడిన్ మోనోక్లోరైడ్ ఉన్న విజ్ ద్రావణం వాడి, అరగంట చీకట్లో ఉంచుతారు. పైగా అయోడిన్ నూనెలోకే దిగిపోయి రంగు పట్టుకుని ఉంటుంది.

బ్రోమిన్ నీరు వాడండి. ఒకే డ్రాపర్‌తో ఒక్కో నూనె 4 చుక్కలు (దాదాపు 0.1 గ్రాము) తీసి, 2 మి.లీ. హెక్సేన్‌లో కరిగించండి. మూడో నాళికలో వట్టి హెక్సేన్. బ్రోమిన్ నీరు చుక్క చుక్కగా వేస్తూ, ప్రతిసారీ బిరడా పెట్టి గట్టిగా కుదపండి. కుదపకపోతే నూనె పైన, నీరు కింద ఉండిపోయి అసలు చర్యే జరగదు. పై పొరలో నారింజ రంగు నిలిచిన చుక్క దగ్గర ఆపి లెక్క రాయండి. ఎండ తగలనివ్వొద్దు, వెలుతురులో బ్రోమిన్ హెక్సేన్‌తోనూ చర్య జరుపుతుంది. చేతికి గ్లవ్స్, కిటికీలు బార్లా, మిగిలిన బ్రోమిన్‌ని విరగ్గొట్టడానికి హైపో (సోడియం థయోసల్ఫేట్) ద్రావణం తప్పనిసరి.

100 గ్రాముల నువ్వుల నూనె 104–120 గ్రాముల అయోడిన్‌ని పట్టుకుంటుంది, కొబ్బరి నూనె 7–10 గ్రాములే. కాబట్టి చుక్కల్లో పదింతలకు పైనే తేడా రావాలి.

సైన్స్ మేస్టారు, నరసన్నపేట:
బ్రోమిన్ దొరకడం కష్టమండీ. స్పిరిట్‌లో కరిగించి పర్మాంగనేట్ వేస్తే?

నూనెల ల్యాబ్, విజయనగరం:
స్పిరిట్ వద్దు. పర్మాంగనేట్ ఆల్కహాల్‌నే ఆక్సీకరిస్తుంది, నూనె లేకున్నా రంగు పోతుంది. అసిటోన్ 3 మి.లీ.లో 4 చుక్కల నూనె కలిపి, 1% పర్మాంగనేట్ చుక్కలుగా వేయండి. ఊదా పోయి గోధుమరంగు మడ్డి దిగితే అది మాంగనీస్ డయాక్సైడ్. వట్టి అసిటోన్‌తో కూడా పోల్చి చూడాలి. నువ్వుల్లోని సెసమోల్ లాంటి ఫినాళ్లు కూడా పర్మాంగనేట్‌ని కొంత తినేస్తాయి. అందుకని దీన్ని ఉందా లేదా చెప్పడానికే వాడండి, చుక్కల లెక్కకు బ్రోమినే నమ్మకం.

రసాయనం, కవిటి:
ఒక్క మాట కలుపుతాను. జనవరిలో గడ్డకట్టిన కొబ్బరి నూనె చూపి "గడ్డకట్టింది కాబట్టి సంతృప్తం" అని చెప్పకండి. అందులో దాదాపు 90% సంతృప్తమే, అయినా 24–25 డిగ్రీలకే కరుగుతుంది. దాదాపు సగం 12 కార్బన్ల లారిక్ ఆమ్లం, గొలుసు పొట్టిది. 18 కార్బన్ల స్టియరిక్ ఆమ్లానికి 69 డిగ్రీలు కావాలి. అన్నే కార్బన్లున్న ఓలిక్ ఆమ్లం ఒక్క సిస్ (గొలుసును వంచే) ద్విబంధంతో 13కి దిగిపోతుంది, అదే ద్విబంధం ట్రాన్స్ (గొలుసును దాదాపు నిటారుగా ఉంచేది) అయితే 45. నాలుగో నాళికలో కరిగించిన వనస్పతి పెట్టండి: కొబ్బరి నూనె కన్నా గట్టిది, కానీ బ్రోమిన్ దానికన్నా చాలా ఎక్కువ తాగుతుంది.