పనాప్టికాన్: ఒక్కడే మనిషి, ఇన్ని ఆల్బమ్‌లు, దీన్ని కెరీర్ అనొచ్చా?

గదిలో_గిటార్:
ఫ్రెండ్స్ ఒక డౌట్. కొన్నాళ్ళుగా పనాప్టికాన్ అనే అమెరికన్ మెటల్ ప్రాజెక్ట్ వింటున్నా, ముఖ్యంగా 2012లో వచ్చిన కెంటకీ ఆల్బమ్ (అమెరికాలో బొగ్గు గనులున్న రాష్ట్రం పేరది). బ్లాక్ మెటల్, అంటే అరుపులతో స్పీడుగా సాగే మెటల్, అన్నారు కదా అని పెడితే మొదటి పాట మొత్తం బాంజోనే (అమెరికా పల్లె పాటల్లో వినిపించే తీగల వాయిద్యం), తప్పు ఫైల్ ఓపెన్ చేశానేమో అని పేరు రెండుసార్లు చూసుకున్నా. తర్వాత రెండో పాటలో బ్లాస్ట్ బీట్లు (ఆగకుండా మహా స్పీడుగా కొట్టే డ్రమ్స్) మొదలయ్యాయి, మా అమ్మ వచ్చి ఏంట్రా మిక్సీలో రాళ్ళేశావా అంది. ఇదంతా ఆస్టిన్ లన్ అనే ఒక్కడే చేస్తాడట, డ్రమ్స్ గిటార్ బేస్ అరుపులు అన్నీ. అసలు ఒక్కడు ఇదెలా చేస్తాడు, దీని మీద బతుకుతాడా, లేక వేరే ఉద్యోగం ఉందా? నేనూ ఇంట్లో ఒక్కడినే రికార్డ్ చేసుకుంటా కాబట్టి అడుగుతున్నా, బ్యాండ్ పెడదామంటే ఎవడూ టైమ్‌కి రాడు మరి.

డబుల్‌పెడల్:
బ్రో, బతకడానికి కాదు. సూటిగా చెప్పాలంటే ఈ జానర్‌లో రికార్డులమ్మి ఇల్లు గడిపేవాళ్ళు చాలా తక్కువ. లన్ ముందు సోషల్ సర్వీసెస్ వైపు పనిచేసేవాడు, 2011లో వచ్చిన సోషల్ డిస్‌సర్వీసెస్ ఆల్బమ్ ఆ వ్యవస్థ మీద కోపంలోంచి పుట్టిందే, ఆయన వాటిల్లో అన్నింటికంటే కటువుగా ఉండేది నాకైతే అదే. తర్వాత నార్వే వెళ్ళి బీరు తయారీ నేర్చుకుని, మిన్నెసోటాలో హ్యామర్‌హార్ట్ అనే బ్రూవరీ పెట్టినవాళ్ళలో ఒకడయ్యాడు. స్వీడన్ మెటల్ బ్యాండ్ బాథొరీ 1990 ఆల్బమ్ పేరు కూడా హ్యామర్‌హార్టే, చూసుకో.

ఇక ఎలా చేస్తాడంటే, ఆయన బేసిక్‌గా డ్రమ్మర్. అదే అసలు తేడా. ఒంటరి ప్రాజెక్టుల్లో సగం డ్రమ్ మెషిన్ దగ్గరే దొరికిపోతాయి, గిటార్ బాగున్నా వెనక టిక్కుటిక్కుమని ఒకటే దరువు. ఈయన నిజం డ్రమ్స్ వాయిస్తాడు కాబట్టి పాట ఊపిరి తీసుకుంటున్నట్టు ఉంటుంది, స్పీడు కొంచెం అటూ ఇటూ అయినా బాగుంటుంది. ఫిడిల్ లాంటి వాటికి బయటివాళ్ళు కూడా వచ్చి వాయించారు, మరీ నూటికి నూరు శాతం ఒక్కడే అనుకోకు.

ఒక్కడే అవ్వడంలో లాభం ఏంటంటే "బాంజో ఏంటి బాబూ" అని అడిగేవాడు ఉండడు. ఐదుగురి బ్యాండ్‌లో ఈ ఐడియా చెప్పి ఉంటే మొదటి ప్రాక్టీస్‌లోనే చచ్చిపోయేది. నష్టం కూడా అదే, పాట పద్నాలుగు నిమిషాలైనా ఆపమని చెప్పేవాడూ ఉండడు.

బొగ్గుబాయి_పోరడు:
అన్నా నాకు కెంటకీ ఎక్కింది మెటల్ వల్ల కాదు. మాది కోల్ బెల్ట్, మా నాయిన అండర్‌గ్రౌండ్‌ల చేసిండు, ఫస్ట్ షిఫ్ట్ అంటే పొద్దుగాల సైరన్ కన్నా ముందే లేచేటోడు, ఎంత రుద్ది కడిగినా కండ్ల చుట్టూ కాటుక పెట్టినట్టు నలుపు పోకపోయేది. అందుకే ఆ ఆల్బమ్‌ల గనికార్మికుల మాటలు వినవడ్తుంటే ఇంగ్లీష్ సగమే సమజైనా ఆపలేకపోయిన.

అండ్ల "విచ్ సైడ్ ఆర్ యూ ఆన్" అని ఒక పాట ఉంది కదా, అది లన్ రాసింది కాదు. 1931ల కెంటకీల హార్లన్ కౌంటీ అనేకాడ సమ్మె నడుస్తున్నప్పుడు షెరిఫ్ జె.హెచ్. బ్లెయిర్ మనుషులు యూనియన్ లీడర్ శామ్ రీస్ కోసం ఇంటి మీద పడ్డరు. ఆయన దొరకలే, ఇంట్ల భార్యా పిల్లలే ఉన్నరు. వాళ్ళు పోయినంక ఆయన భార్య ఫ్లోరెన్స్ రీస్ గోడ మీది క్యాలెండర్ కాయితం చింపి దాని మీద ఈ పాట రాసింది, ట్యూన్ ఏమో పాత చర్చి పాటది. అసొంటి పాట బ్లాక్ మెటల్ ఆల్బమ్‌ల పెట్టుడు అంటే మామూలు ధైర్యం కాదు.

ఇంకో పాట "కిల్లింగ్ ద జెయింట్స్ యాజ్ దే స్లీప్". అక్కడ బొగ్గు కోసం కొండ తలనే బాంబులు పెట్టి లేపేసి, ఆ మట్టిని కింద లోయల్ల, వాగుల్ల పోస్తరు. మా దిక్కు ఓపెన్ కాస్ట్ అంటే గుంత తవ్వి పక్కన మట్టి గుట్టలు పోస్తరు, అక్కడ ఉన్న గుట్టనే మాయం.

చలి_రాగం:
కెంటకీ అందరూ ఎత్తుకుంటారు గానీ నా లెక్కలో దాని సౌండ్ బురద బురదగా ఉంటుంది, ఫాస్ట్ పార్టుల్లో గిటార్ ఏం వాయిస్తున్నాడో వెతుక్కోవాలి. 2014లో వచ్చిన రోడ్స్ టు ద నార్త్ వినండి, కోలిన్ మార్‌స్టన్ మిక్స్ చేశాడు, అప్పుడు తెలుస్తుంది ఈ మనిషి ఎంత మంచి డ్రమ్మరో. మధ్యలో ద లాంగ్ రోడ్ అని మూడు భాగాల పాట ఉంటుంది, బ్లూగ్రాస్‌తో (బాంజో, ఫిడిల్ ఉండే అమెరికా పల్లె సంగీతం) మొదలై మెల్లగా మెటల్‌లోకి వెళ్తుంది. కెంటకీలో ఆ రెండూ ఎక్కువగా పక్కపక్కన కూర్చున్నాయి, ఇక్కడ కలిసిపోయాయి.

2018 డబుల్ ఆల్బమ్ జోలికి మాత్రం ఇప్పుడే పోకండి. మొదటి సగం మెటల్, రెండో సగం ఫోక్, అమెరికానా (అమెరికా జానపద బాణీల సంగీతం). రెండో సగం నాకు నిద్ర తెప్పించింది, తిట్టుకునేవాళ్ళు తిట్టుకోండి.

బొగ్గుబాయి_పోరడు:
తిడుతున్న అన్నా. ఆ రెండో సగమే నేను బస్సుల ఇంటికి పోయేటప్పుడు వింట.

పాత_క్యాసెట్:
ఒక మాట, ఈ జానర్‌లోకి కొత్తగా వచ్చేవాళ్ళు గమనించాలి. ఒంటరి బ్లాక్ మెటల్ ప్రాజెక్టుల్లో జాత్యహంకారం పిచ్చి ఉన్నవాళ్ళు బాగానే ఉన్నారు, పాట నచ్చి టీషర్ట్ కొనేముందు ఎవడిదో చూసుకోండి. పనాప్టికాన్ దానికి పూర్తిగా ఎదురు వైపు, లన్ రాజకీయంగా మొదటి నుంచీ వామపక్షం వైపే. పేరు కూడా జెరెమీ బెంథామ్ గీసిన జైలు ప్లాన్‌దే, మధ్యలో ఒక టవర్, అందులో కాపలావాడు ఉన్నాడో లేడో ఖైదీలకు కనబడదు.

ఇంకొకటి, ఏళ్ళ తరబడి ఈయన స్టేజీ ఎక్కలేదు, ఒక్కడికి కుదరదు కదా. తర్వాత మనుషుల్ని పోగేసుకుని లైవ్ ఆడాడు. గదిలో_గిటార్ తమ్ముడూ, నీ ప్రశ్నకి అసలు సమాధానం అక్కడుంది అనుకుంటా. మొదటి ఆల్బమ్ 2008లో, ద రైమ్ ఆఫ్ మెమరీ 2023లో, అంటే పదిహేనేళ్ళు. లేబుల్ కూడా చాలావరకు బైండ్‌రూన్ అనే చిన్నదే. పెద్ద హిట్ లేదు, నెలల తరబడి టూర్లు లేవు, ఉద్యోగం పక్కన పెట్టి కాదు ఉద్యోగం చేసుకుంటూనే. ఒక్కో ఆల్బమ్‌కి కొత్తగా కొంతమంది వచ్చి చేరడం, పాతవాళ్ళు పోకపోవడం, అంతే.

గదిలో_గిటార్:
థాంక్స్ అందరికీ. డబుల్‌పెడల్ అన్నా, డ్రమ్ మెషిన్ గురించి గుచ్చావు, నాదీ అదే 😅 అపార్ట్‌మెంట్‌లో డ్రమ్ కిట్ పెడితే అసోసియేషన్ వాళ్ళు నన్నే బయట పెడతారు. ఏం చెయ్యను?

డబుల్‌పెడల్:
ఎలక్ట్రానిక్ కిట్ కొను, సెకండ్ హ్యాండ్ దొరుకుతాయి, మెష్ ప్యాడ్‌లు (వలలాంటివి, చప్పుడు తక్కువ) ఉన్నదే తీసుకో. కిక్ పెడల్ కింద మందపాటి రబ్బర్ మ్యాట్ తప్పకుండా వెయ్యి, కింద ఫ్లోర్ వాళ్ళకి వినపడేది అదే. అది కూడా కుదరకపోతే మెషినే వాడు గానీ, ప్రతి దెబ్బా ఒకే గట్టిదనంతో పెట్టకు, స్నేర్ డ్రమ్‌కి కొన్నిచోట్ల వెలాసిటీ (దెబ్బ గట్టిదనం) తగ్గించు, ఫిల్స్ (మధ్యలో వచ్చే చిన్న డ్రమ్ ముక్కలు) కొంచెం వెనక్కి లాగు. ఆ ట్రాక్ ఇక్కడ పెట్టు, విని చెప్తాం. చలి_రాగం తిడతాడు, పట్టించుకోకు.