"నాతోని కాదు సారూ" అనే పేషెంటుకు ధైర్యం ఎట్ల ఇయ్యాలి?

ప్రశ్న – పల్లె దవాఖాన డాక్టర్, పరకాల దిక్కు

షుగర్ పేషెంట్లకు అన్నం తగ్గించమంటే తలూపుతరు, మళ్ల అట్లనే వస్తరు. ఒక రైతు ఉన్నడు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) 9.4. కిడ్నీలు పోతయని గట్టిగ చెప్తే ఇంకింత దిగాలు పడి, "నాతోని కాదు సారూ, బువ్వ కడుపునిండ తినకుంటె చేన్ల కాళ్లు వణుకుతయి" అన్నడు. ఆయనకు తెల్వక కాదు, చేతనైతదన్న నమ్మకం లేదు. ఓపీ రద్దీల దొరికే రెండు నిమిషాలల్ల మీరేం చేస్తరు?

జవాబు – రిటైర్డ్ ఫిజీషియన్, హన్మకొండ

ముందు ఆ వణుకుడు సంగతి చూడండి డాక్టర్ గారూ. షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ లాంటి గోళీ మీదుంటే నిజంగనే షుగర్ పడిపోతుండొచ్చు. డోసు సరిచేయకుండ తిండి తగ్గించమంటే, ఉన్న కొద్ది నమ్మకం గూడ పోతది.

తర్వాత పని చిన్నగ చేయండి. "రాత్రి ఒక్కపూట బువ్వ సగం చేసి కూర పెంచుకుంటవా? చేయగలనన్న నమ్మకం పదిల ఎంత?" అనండి. నాలుగంటడు. అప్పుడు "ఎనిమిదెందుకు కాదు" అనొద్దు, సాకులు చెప్పుడు మొదలైతది. "రెండనకుండ నాలుగెందుకన్నవ్?" అని అడిగి ఊకోండి. "ఇంటెనక చిక్కుడు, బీర కాస్తయి సారూ, కూరకు కొదవ లేదు" అని ఆయనే చెప్తడు. మిల్లర్, రోల్నిక్‌ల మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్‌ల (మారాలన్న మాట పేషెంటు నోటితోనే చెప్పించే తీరు) ఉన్న పద్ధతే ఇది. రెండు నిమిషాలు చాలు. ఒకటో రెండో అంటే మాత్రం పని ఇంకా చిన్నగ చేయాలె.

సైకాలజిస్ట్ ఆల్బర్ట్ బండూరా 1977లనే రాసిండు: మనిషికి నమ్మకం అన్నిటికన్న ఎక్కువ తను చేసి గెలిచిన పనితోనే వస్తది, తర్వాత తనలాంటోడు చేసింది చూస్తే వస్తది. మన మాటల బలం వాటి తర్వాతనే.

జవాబు – ఏఎన్ఎం, జమ్మికుంట

తనలాంటోడన్నది నిజం సార్. మా ఊర్ల బీడీ మానేసిన తాతను ఎన్‌సీడీ (షుగర్, బీపీ లాంటి జబ్బుల) క్లినిక్ రోజున బెంచి మీద కూసోబెడ్త. ఆయన మాట విన్నట్టు మా మాట వినరు.

జవాబు – షుగర్ పేషెంట్, కాజీపేట

మా డాక్టరమ్మ పాత రిపోర్టు, కొత్త రిపోర్టు పక్కపక్కన పెట్టి, పరగడుపు షుగర్ తగ్గిన కాడ పెన్నుతోటి గీత గీసి, "ఇది నీ నడక చేసిన పని" అన్నది. ఆ కాయితం ఇంకా నా జేబులనే ఉంది. మూడు నెలల సగటు కోసం ఆగకుండ, నడుమల పరగడుపు షుగర్ చూపెట్టుండ్రి సార్.

ప్రశ్న అడిగిన డాక్టర్

ఆయన గ్లిమిపిరైడ్ మీదనే ఉన్నడు. మా ఊరి ఆశా వర్కర్‌కు ఫోన్ చేసిన, రేపు పొద్దుగాల్ల చేనుకు పోకముందే తోలుకొస్తనన్నది.