థర్మోస్టాట్ పీకేస్తే మన ఎండల్లో ఇంజిన్ బతుకుతుందా, చస్తుందా?

గువ్వలచెరువు కోవా:
అన్నలూ, అక్కలూ, ఒక పంచాయితీ తేల్చిపెట్టండి. పెళ్లికని కడప నుంచి రాయచోటికి డీజిల్ కారులో ఇంటిల్లిపాదీ బయల్దేరాం. సామాను దండిగా ఉంది, ఏసీ ఫుల్లు. గువ్వలచెరువు ఘాట్‌లో లారీ వెనకాల రెండో గేరులో పాకుతుంటే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత మీదికి పోయింది. పక్కకు ఆపేలోపే బానెట్ సందుల్లోంచి ఆవిరి. రేడియేటర్ మూత తిప్పబోయిన మా మామను ఆపడమే పెద్ద పనైంది. చల్లారాక ఏసీ లేకుండా ఎట్లో పైకి చేరి, కోవా తిని, ముహూర్తం దాటిపోయాక పెళ్లికి పోయాం.

ఊళ్లో ట్రాఫిక్‌లో ఏమీ కాదు. ఘాట్ ఎక్కినా, హైవేలో గట్టిగా తొక్కినా ముల్లు లేస్తుంది. మెకానిక్‌కు చూపిస్తే బానెట్ ఎత్తి ఒకసారి తొంగి చూసి, "థర్మోస్టాట్ పీకేద్దాం సార్, అది చలి దేశాలోళ్లకు. మన ఎండకు దండగ" అన్నాడు. అదే, ఇంజిన్ వేడెక్కాక తెరుచుకుని నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వ్. మా బామ్మర్ది ససేమిరా వద్దంటున్నాడు. ఎవరి మాట వినాలి?

గుత్తి స్టాండు:
పీకేయప్పా, దీనికి పంచాయితీ ఎందుకు? గుత్తి, డోన్, కర్నూలు మధ్య హైవే మీద కార్లు తోలేదే మా బతుకు. అంబాసిడర్ల కాలం నుంచి బండి చేతికి రాగానే మావాళ్లు చేసే మొదటి పని అదే. మే నెల మిట్టమధ్యాహ్నం కూడా నా బండి ముల్లు సగం దాటదు. నీళ్లు పోయే దారికి అడ్డం పెట్టి ఇంజిన్ చల్లబడాలంటే ఎట్ల చల్లబడుతుంది?

పాణ్యం షెడ్డు:
అన్నా, మీ అనుభవాన్ని కాదనను. కానీ ఆ మెకానిక్ ఏం పరీక్ష చేసి పీకేయమన్నాడు? తొంగి చూస్తే థర్మోస్టాట్ కనబడదు కదా.

కోవా తమ్ముడూ, నువ్వు చెప్పిన లక్షణంలోనే సగం జవాబు ఉంది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు హీటెక్కి, హైవే ఎక్కగానే దిగిపోతే ఫ్యాన్‌ను అనుమానించాలి. ఫ్యూజు, రిలే, మోటారు, ఈ మూడింట్లో ఏదో ఒకటి. నీది దానికి ఉల్టా. ఆగినప్పుడు బాగుంటోంది, లోడు పడితే తట్టుకోలేకపోతోంది. అంటే ఫ్యాన్ తిరుగుతోంది, రేడియేటర్‌కు వేడి వదిలే సత్తా తగ్గింది. లేదా వాటర్ పంపు నీళ్లను సరిగా తోయడం లేదు. అదీ కాకపోతే హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజిన్ బ్లాక్‌కు, పైనుండే హెడ్‌కు మధ్య సీలు.

గ్యాస్కెట్ సంగతి ముందు తేల్చుకో, ఖర్చు ఎక్కువ దాంతోనే. పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి కూలెంట్ డబ్బాలోకి చూడు. బుడగలు ఆగకుండా వస్తున్నా, ఇంకా వేడెక్కకముందే రేడియేటర్ పై పైపు నొక్కితే లొంగనంత బిగుసుకున్నా గ్యాస్కెట్ పోయినట్టే అనుకో. ఎక్కడా లీకు లేకుండా కూలెంట్ తగ్గిపోతూ ఉండడం కూడా దాని గుర్తే. ఆయిల్ మూత కింద తెల్లటి జిడ్డు ఒక్కటే చూసి హడలిపోవద్దు, దగ్గర దూరాలు తిరిగే బండ్లలో తేమకు కూడా అట్లా పడుతుంది.

తర్వాత ఇంజిన్ బాగా వేడెక్కాక పై పైపు, కింది పైపు తాకి చూడు. పైది కాలిపోతూ కిందిది చల్లగా ఉంటే థర్మోస్టాట్ మూసుకునైనా ఉండాలి, రేడియేటర్ పూడిపోయైనా ఉండాలి. పీకడం మాత్రం వద్దు. థర్మోస్టాట్ లేకపోతే నీళ్లు మరీ వేగంగా పరిగెత్తి, రేడియేటర్‌లో చల్లారే టైమే ఉండదు.

అనంత ఎండ:
నేను పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్తాను. షెడ్డు అన్న చెప్పినదాంట్లో ఆ చివరి మాట ఒక్కటి ఒప్పుకోను. వేగంగా తిరిగితే చల్లారవనేది షెడ్డుల్లో అందరూ చెప్పేదే, కానీ నిజం కాదు. తిరిగేది అవే నీళ్లు. రేడియేటర్‌లో తక్కువసేపు ఉంటే ఇంజిన్‌లో కూడా తక్కువసేపే ఉంటాయి.

అసలు చిక్కు బైపాస్‌తో, అంటే నీళ్లు రేడియేటర్‌కు పోకుండా ఇంజిన్‌లోకే తిరిగిపోయే అడ్డదారితో. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్‌కు అడుగున ఇంకో చిన్న పళ్లెం ఉంటుంది. పెద్ద దారి తెరుచుకునే కొద్దీ ఆ పళ్లెం బైపాస్ దారిని మూసేస్తుంది. మొత్తం పీకేస్తే ఆ బైపాస్ ఎప్పటికీ తెరిచే ఉంటుంది. వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే మళ్లీ ఇంజిన్‌లోకి పోతుంది. అట్లాంటి ఇంజిన్లో పీకితే ఘాట్‌లో వేడి తగ్గదు సరికదా, పెరుగుతుంది. బైపాస్ వేరే రకంగా ఉన్న పాత ఇంజిన్లలో ఈ గొడవ లేదు. గుత్తి అన్న బండి అందుకే నడుస్తుండొచ్చు.

ఇక చలి దేశాల మాట. థర్మోస్టాట్ లోపల మైనం ఉంటుంది. అది కరిగి ఉబ్బితే వాల్వ్ తెరుచుకుంటుంది. మామూలుగా 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలుపెట్టి, ఇంకో 10, 15 డిగ్రీలు ఎక్కేసరికి పూర్తిగా తెరుచుకుంటుంది. ముల్లు ఎర్ర గీత మీద ఉందంటే, బాగున్న థర్మోస్టాట్ అయితే అప్పటికే బార్లా తెరిచి ఉంటుంది. తెరిచిన తలుపును ఊడబీకితే గాలి ఎక్కువేం రాదు. బయట 44 డిగ్రీలు కానీ, 20 కానీ, ఇంజిన్‌కు కావాల్సింది 90 దరిదాపులే. అంతకు చేరకపోతే కంప్యూటర్ ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని డీజిల్ ఎక్కువ పోస్తుంది, మైలేజి పడిపోతుంది. కొన్ని బండ్లలో చెక్ ఇంజిన్ లైటు కూడా వెలుగుతుంది.

గుత్తి స్టాండు:
అమ్మా, పాఠం బాగుంది. మా లెక్క కూడా విను. బజారులో దొరికే థర్మోస్టాట్లలో డూప్లికేట్లు ఎన్నో. రాత్రిపూట కిరాయి మీద పోతుంటే అది మూసుకుని బిగుసుకుపోయిందనుకో, హెడ్ వంగుతుంది. హెడ్ చదును చేసే ఫేసింగు, గ్యాస్కెట్, లేబరు, బండి షెడ్డులో ఉన్నన్నాళ్లు కిరాయిలు లేవు. పీకేస్తే పోయేది కాస్త మైలేజి. నేను ఆ మైలేజే వదులుకుంటా.

అనంత ఎండ:
ఆ భయం న్యాయమైనదే అన్నా. దారిలో బిగుసుకుపోతే పీకేసి ఇల్లు చేరడం తెలివైన పనే. చేరాక కొత్తది వేయకుండా ఏళ్ల తరబడి తోలడంతోనే నా పేచీ. డూప్లికేట్ భయం ఉంటే బిగించే ముందే ఉడకబెట్టి చూడండి. గిన్నెలో నీళ్లు పోసి, థర్మోస్టాట్‌ను దారంతో అడుగు తగలకుండా వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి, సన్నటి మంట మీద వేడి చేయాలి. దాని మీద కొట్టి ఉన్న అంకె దగ్గర కదలాలి, చల్లారుతుంటే మళ్లీ మూసుకోవాలి. కదలకపోతే అంగడికి వాపసు. జ్వరం చూసే థర్మామీటర్ పెట్టకండి, పగిలిపోతుంది.

నాపరాయి:
అందరూ వాల్వ్ చుట్టే తిరుగుతున్నారు. కోవా బ్రదర్, డబ్బాలో ఏం నీళ్లు పోస్తున్నావు? మా ఎర్రగుంట్ల పక్క నేలంతా సున్నపురాయి, బోరు నీళ్లు కాచిన గిన్నెకే తెల్లటి పొర కడుతుంది. రేడియేటర్ సన్నటి గొట్టాల్లో అదే పొర పడితే వేడి బయటికి ఎట్లా పోతుంది? సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ పోయాలి. రేడియేటర్ మూత రబ్బరు కూడా చూడు. 1 బార్ దగ్గర ప్రెషర్ నిలబెడితే నీళ్లు 120 డిగ్రీల దాకా మరగవు. మూత వదులైతే 100 దగ్గరే పొంగిపోతాయి.

గువ్వలచెరువు కోవా:
అన్నీ చేశాను. పొద్దున బుడగలు లేవు, పైపు బిగుసుకోలేదు. థర్మోస్టాట్ విప్పించి తెచ్చి, ఇంట్లో తిట్లు తింటూనే పాలగిన్నెలో ఉడకబెట్టాను. 82 అని కొట్టి ఉంది. 83, 84 మధ్య మెల్లగా నోరు తెరిచింది, దించాక మూసుకుంది. అంటే పీకేయమన్నది బాగున్న పార్టునే.

దాన్ని మళ్లీ బిగించి, బండి వేడెక్కించి, ఫ్యాన్ తిరగకుండా తాళం తీసేసి రేడియేటర్ మీద చెయ్యి పెట్టి చూశాను. పై పక్క కాలుతోంది, కింది మూలంతా చల్లగా ఉంది. ఏసీ కండెన్సర్‌కు, రేడియేటర్‌కు మధ్య సందులో దుమ్ము, పురుగులు కలిసి దట్టంగా పేరుకుని ఉన్నాయి. మా నాన్న ఇన్నాళ్లూ పెరట్లో బోరు నీళ్లే పోస్తున్నాడని ఇప్పుడే తెలిసింది. గొట్టాల్లో రాడ్ దూర్చి పూడిక తీయించి, అదే రాడ్ కొట్టించి కడిగిస్తే చాలా, కొత్తది వేయాలా?

పాణ్యం షెడ్డు:
నీది ప్లాస్టిక్ ట్యాంకులున్న అల్యూమినియం రేడియేటర్ అయి ఉంటుంది. పాత రాగి, ఇత్తడి రేడియేటర్లకు రాడ్ కొట్టేవాళ్లం. దీనికి కొడితే గొట్టాలు చిల్లులు పడతాయి. కెమికల్ పోసి కడిగించొచ్చు కానీ కింది మూల అంత చల్లగా ఉందంటే పైసలు దండగ. కొత్తదే వేయించు, బ్లాక్‌లో నీళ్లు తేటగా వచ్చేదాకా ఫ్లష్ చేయించు, కూలెంట్ పోశాక గాలి పూర్తిగా తీయించు. గాలి మిగిలితే కొత్త రేడియేటర్‌తో కూడా ముల్లు లేస్తుంది. మేడమ్, ఆ నీళ్ల వేగం సంగతి మా గురువు చెప్పిందే నేను చెప్పా. దాని మీద వేరే చర్చ పెట్టండి, అక్కడ కొట్లాడుకుందాం.

గుత్తి స్టాండు:
కొత్తది వేయించుకో తమ్ముడూ, థర్మోస్టాట్ కూడా ఉంచుకో, నీ బండి నీ ఇష్టం. నా బండికి మాత్రం పెట్టను.

అనంత ఎండ:
మీ ఇంజిన్ ఏ మోడలో చెప్పండి అన్నా, బైపాస్ ఎట్లుందో చూసి చెప్తా. అప్పుడూ వద్దంటే ఇంక అడగను.