అప్‌డేట్: అమ్మ కళ్ల మంటకూ చెవుల ముందు వాపుకూ కారణం తెలిసింది

నల్లగొండ దగ్గరి మా ఊళ్లో ఉండే అమ్మకు కళ్లలో ఇసుక పడ్డట్టు గరగరలాడటం, నోరు ఎండిపోవడం, రెండు చెవుల ముందూ వాపు రావడం గురించి మూడు నెలల కిందట ఇక్కడ అడిగాను. గవదబిళ్లలని కొందరు, ఫ్లోరైడ్ నీళ్ల ఫలితమని కొందరు అన్నారు. గవదబిళ్లలైతే రెండు వారాల్లో తగ్గాల్సింది. లాలాజల గ్రంథిలో రాయి అయితే ఎక్కువగా ఒక పక్కనే, దవడ కింద, తినేటప్పుడు ఉబ్బుతుందట.

కంటి డాక్టరు కింది రెప్ప అంచున సన్నని కాగితపు పట్టీ తగిలించి ఐదు నిమిషాలు ఉంచితే, అది 3 మిల్లీమీటర్లే తడిసింది. 5 లోపు ఉంటే కన్నీరు బాగా తక్కువని అర్థం. జొన్నరొట్టె ముక్క ముక్కకూ అమ్మ నీళ్లు తాగుతున్నదని నేను మాటవరసకు చెప్పిన సంగతినే ఆయన పట్టుకుని, కీళ్లవాత నిపుణుడి దగ్గరికి పంపారు. రక్తపరీక్షలో సొంత ఒంటి కణాలనే లక్ష్యం చేసుకునే యాంటీ-రో అనే యాంటీబాడీ పాజిటివ్ వచ్చింది, పెదవి లోపలి నుంచి తీసిన చిన్న ముక్క పరీక్షా దాన్నే బలపరిచింది: షోగ్రెన్ సిండ్రోమ్. ఒంటి రోగనిరోధక శక్తే కన్నీటి, లాలాజల గ్రంథులపై దాడి చేసే జబ్బు ఇది.

ఇప్పుడు కృత్రిమ కన్నీటి చుక్కలు, లాలాజలం ఊరేలా చేసే పైలోకార్పిన్ మాత్రలు వాడుతున్నాం. లాలాజలం లేక పళ్లు పుచ్చకుండా ఫ్లోరైడ్ పేస్టు రాశారు, ఆ పేరెత్తితేనే ఉలిక్కిపడే మా జిల్లావాళ్లకు! వాపు గట్టిపడినా, తగ్గకుండా పెరిగినా లింఫోమా అనే ఒక రకం క్యాన్సర్ అనుమానంతో వెంటనే చూపించమన్నారు.