దక్షిణార్ధగోళంలో ఏ వేరియబుల్ స్టార్స్ (వెలుగు మారే తారలు) చూడాలి? సర్వేలు వచ్చాక కంటితో వేసే అంచనాలకు విలువ ఉందా?

తొలిచూపు:
ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్ ఉంది. మబ్బు లేని రాత్రి గంటన్నర దాకా కూర్చోగలను. ఉండేది దక్షిణార్ధగోళంలో కాబట్టి కెరీనా, మెగలానిక్ మేఘాలు బాగా ఎత్తులో కనిపిస్తాయి. పనికొచ్చే వెలుగు అంచనాలు వేసి, అలాంటివి సేకరించే సంస్థ ఏఏవీఎస్‌ఓకి పంపాలని కోరిక. కానీ చిలీ, దక్షిణాఫ్రికాల్లో ఆటోమేటిక్ కెమెరాలు ఆకాశాన్ని జల్లెడ పడుతున్నాయి కదా. ఇక నేను చూసి ఉపయోగం ఏమిటి? ఏ తారలు ఎంచుకోవాలి?

పిక్సెల్:
కంటి అంచనాలో 0.1, 0.2 మాగ్నిట్యూడ్ తేడా తప్పదండీ (మాగ్నిట్యూడ్ అంటే వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ తార మసక). చిన్న సీమాస్ (డిజిటల్ సెన్సర్) కెమెరా, ఆకుపచ్చ-పసుపు వెలుగును మాత్రమే పంపే వి ఫిల్టర్ ఉంటే 0.02 దాకా వెళ్లొచ్చు. ఓవై కెరీనే లాంటి తారను పట్టండి. రెండు తారలు సుమారు 91 నిమిషాలకోసారి ఒకదాన్నొకటి చుట్టి వస్తాయి, ప్రతి చుట్టులోనూ గ్రహణమే. ఒక్క రాత్రిలో రెండు మూడు గ్రహణాలు రికార్డ్ చేయొచ్చు. నెలల తరబడి వెలుగు మారే ఎర్రటి మీరా తారలను కంటితో చూసే రోజులు అయిపోయాయని నా అభిప్రాయం.

అగస్త్య:
పిక్సెల్ గారూ, ఓవై కెరీనే విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. మీరా తారల విషయంలో అస్సలు ఒప్పుకోను.

సర్వేలు అన్నీ చూస్తున్నాయన్నది మసక తారల వరకే నిజం. ఏఎస్ఏఎస్-ఎస్ఎన్ అనే ఆటోమేటిక్ సర్వే కెమెరాలో సుమారు 10, 11 మాగ్నిట్యూడ్‌కి మించి ప్రకాశించే తార పడితే పిక్సెళ్లు నిండిపోతాయి, ఆ కొలతను నమ్మడం కష్టం. చిలీలోని రూబిన్ అబ్జర్వేటరీ అద్దం 8.4 మీటర్లు, దానికి ఆ హద్దు 16 దగ్గరే వస్తుంది. టెలిస్కోపులు పెద్దవయ్యేకొద్దీ ప్రకాశమైన తారలను పట్టించుకునేవాళ్లు తగ్గుతున్నారు. పైగా ప్రపంచ జనాభాలో ఎక్కువ మంది ఉత్తరాన ఉన్నారు. దక్షిణ ధ్రువం వైపు తారలను రాత్రి రాత్రికీ చూసే కళ్లు ఎప్పుడూ తక్కువే.

తొలిచూపు గారూ, ముందు మీరా తార ఆర్ కెరీనే తీసుకోండి. సుమారు పది నెలల్లో 4 నుంచి 10 దాకా దిగి మళ్లీ పైకొస్తుంది. ఆరు మాగ్నిట్యూడ్లు మారే తారకు 0.2 తేడా పెద్ద లెక్క కాదు. 35 డిగ్రీల దక్షిణ అక్షాంశం దాటితే అది అస్తమించదు, అందుకే ఏడాదిలో ఏ నెలా ఖాళీ పోదు. పక్కనే ఎస్ కెరీనే, సుమారు 150 రోజుల చక్రం. ఇవి ఎర్రటివి కాబట్టి తదేకంగా చూడకండి. ఎరుపు కంట్లో పేరుకుని తార ఉన్నదానికన్నా వెలుగుగా అనిపిస్తుంది. కాస్త ఫోకస్ తప్పించి, వెలుగు ముందే తెలిసిన పోలిక తారనూ దీన్నీ మార్చి మార్చి చటుక్కున చూసి అంకె రాసేయండి. నిన్న ఎంత రాశారో మాత్రం ముందే చూసుకోవద్దు.

తర్వాత వీడబ్ల్యూ హైడ్రి. మామూలుగా 14 దగ్గర పడి ఉంటుంది, మీ టెలిస్కోప్‌కి అందీ అందనట్టు. సగటున నాలుగు వారాలకోసారి విస్ఫోటనం చెంది 9 దగ్గరికి వస్తుంది. నిన్న ఖాళీగా ఉన్న చోట ఇవాళ తార! కనిపించని రాత్రి కూడా “ఇంతకన్నా మసక” అని తప్పక పంపండి, అదీ డేటానే.

పిక్సెల్:
హద్దు సంగతి నిజమే. కానీ ప్రకాశమైన తారకైతే చిన్న లెన్స్‌తో కెమెరా పెట్టొచ్చుగా? ఆ పని కంటికే ఎందుకు వదలాలి?

అగస్త్య:
పెట్టండి, తప్పకుండా పెట్టండి. అయితే ఆర్ కెరీనే రికార్డు వందేళ్లకు పైగా కంటి అంచనాలతోనే నడిచింది. మధ్యలో పద్ధతి మొత్తం మార్చేస్తే, తార మారిందా కొలత మారిందా అన్నది తేల్చడం కష్టం. రెండూ కొన్నేళ్లు పక్కపక్కన సాగాలి. ఆర్ హైడ్రే అనే మరో మీరా తార పీరియడ్ (వెలుగు చక్రం) మూడు శతాబ్దాల్లో 490 రోజుల పైనుంచి 390 లోపుకి తగ్గిందని తెలిసింది ఇలా ఓపికగా రాసిపెట్టినవాళ్ల వల్లే. న్యూజిలాండ్‌లో ఆల్బర్ట్ జోన్స్ ఐదు లక్షలకు పైగా అంచనాలు కంటితోనే వేశారు. 1987లో పెద్ద మెగలానిక్ మేఘంలోని సూపర్‌నోవాను స్వయంగా గుర్తించినవాళ్లలో ఆయనొకరు. అటువైపు తారలన్నీ ఆయనకు కొట్టినపిండి.

తొలిచూపు:
అయితే ఈ మూడింటితో మొదలుపెడతాను. నాలుగోదిగా ఆర్‌వై సాజిటేరీ అనుకుంటున్నాను, 6 నుంచి 14 దాకా పడిపోతుందట. సరేనా?

అగస్త్య:
భేషైన ఎంపిక. తన చుట్టూ కార్బన్ మసి కమ్ముకుంటే వారాల్లోనే మసకబారిపోతుంది, ఎప్పుడన్నది ముందే చెప్పలేం. జనవరిలో సూర్యుడి దగ్గరికి వెళ్లి కనిపించదు. ఫిబ్రవరిలో తెల్లవారుజామున తూర్పున లేవగానే చూసి పంపండి, ఆ తొలి అంచనాలకు గిరాకీ ఎక్కువ.